పార్టీ వైఖరి ఓటర్లకు నచ్చని చోట అభ్యర్థి ఎలా మాట్లాడాలి

ఆంధ్రప్రదేశ్‌లోనో తెలంగాణలోనో ఒక పార్టీ టికెట్ మీద పోటీకి సిద్ధమవుతున్నవారిలో చాలామందికి, ఆ పార్టీ తీసుకున్న ఏదో ఒక నిర్ణయం తమ నియోజకవర్గంలో ఓట్లు పోగొడుతుందని ముందే తెలిసి ఉంటుంది. అప్పుడు అందరూ మామూలుగా పట్టే దారులు రెండు. ఒకటి, ఆ విషయం ఎవరైనా ఎత్తినప్పుడల్లా మాట దాటవేయడం. రెండోది, పార్టీ ఆఫీసులో ఒక మాట, ఊళ్లో రచ్చబండ దగ్గర ఇంకో మాట చెప్పి, పాము చావకుండా కర్ర విరగకుండా పోలింగ్ రోజు దాకా నెట్టుకురావడం. ఈ రెండింటికీ భిన్నమైన మూడో దారిని అంచెలంచెలుగా ఎలా నడవాలో ఇక్కడ వివరిస్తాను.

పార్టీతో విభేదించే స్వేచ్ఛ అభ్యర్థికి విస్తారంగానే ఉండాలని నా అభిప్రాయం. అయితే దానికి మూడు షరతులు ఉండాలి. విభేదాన్ని బీ-ఫారం, అంటే మీరే తమ అభ్యర్థి అని పార్టీ రాసిచ్చే పత్రం, అందుకోకముందే పార్టీకి తెలియజేయాలి, ఓటర్లకు అన్ని ఊళ్లలో ఒకే మాటగా చెప్పాలి, చట్టం మీ చేతికి ఇవ్వని అధికారాన్ని హామీగా ఇవ్వకూడదు. కింద చెప్పే అంచెలన్నీ ఈ మూడు షరతుల నుంచి వచ్చినవే.

1. ఆ అంశం మీ సభలో ఓటింగ్‌కు వస్తుందో లేదో తేల్చుకోండి

అన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఇదే, ఎక్కువమంది వదిలేసే పని కూడా ఇదే. మీరు ఏ సభకు పోటీ చేస్తున్నారు, ఆ నిర్ణయం ఎవరి చేతిలో ఉంది అన్న రెండు ప్రశ్నలకు జవాబు తెలియకుండా విభేదం గురించి ఒక్క మాట కూడా మాట్లాడకూడదు.

రాష్ట్ర విభజననే తీసుకోండి. రాజ్యాంగంలోని 3వ అధికరణం ప్రకారం రాష్ట్రాల సరిహద్దులు మార్చే అధికారం పార్లమెంటుది. రాష్ట్రపతి బిల్లును శాసనసభకు పంపేది అభిప్రాయం కోసమే. 2014 జనవరి 30న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆ బిల్లును మూజువాణి ఓటుతో తిరస్కరించింది, అయినా ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ దాన్ని ఆమోదించాయి. కాబట్టి అప్పట్లో కోస్తాలోనో రాయలసీమలోనో ఒక ఎమ్మెల్యే సభలో ఓటు వేసి విభజనను ఆపుతానని మాట ఇచ్చి ఉంటే, ఆ మాట ఎంత నిజాయితీగా ఇచ్చినదైనా నెరవేర్చే అధికారం ఆయన చేతిలో లేదు.

విశాఖ ఉక్కు కర్మాగారం ఇంకో రకం ఉదాహరణ. 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ ఆర్థిక వ్యవహారాల సంఘం నూరు శాతం పెట్టుబడుల ఉపసంహరణకు సూత్రప్రాయంగా ఆమోదం తెలిపింది. అది మంత్రివర్గ నిర్ణయం. అటువంటి దాన్ని ఆపడానికి ఎంపీకి కూడా సభలో నేరుగా ఓటు వేసే సందర్భం రాకపోవచ్చు. మే 2021లో రాష్ట్ర శాసనసభ వ్యతిరేకంగా తీర్మానం చేసినా, ఆ తీర్మానానికి కేంద్రాన్ని కట్టడి చేసే బలం లేదు. 2025 జనవరిలో కేంద్రం ఆ కర్మాగారానికి రూ. 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. అంటే ఇలాంటి విషయాల్లో కదలిక వచ్చేది ఒత్తిడి, సంప్రదింపులు, లెక్కల వాదన వల్ల. అక్కడ అభ్యర్థి ఇవ్వగలిగిన నిజమైన హామీ కూడా ఆ పనులే.

అందువల్ల ఒక కాగితం మీద మూడు వరుసలు రాసుకోండి. మీ సభలో ఓటింగ్‌కు వచ్చేవి, మంత్రివర్గం తేల్చేవి, మీ మిత్రపక్షం వైఖరులు. ఈ మూడింటికీ మీ జవాబు వేరువేరుగా ఉంటుంది.

2. అది నిజంగా పార్టీ వైఖరేనా అని చూడండి

టీవీ చర్చలో ఒక అధికార ప్రతినిధి అన్న మాట, అగ్రనేత సభలో ఆవేశంగా అన్న మాట, కార్యవర్గం చేసిన తీర్మానం, మేనిఫెస్టోలో అచ్చయిన వాగ్దానం – వీటికి ఒకే బరువు ఉండదు. తీర్మానం పాఠం సంపాదించి స్వయంగా చదవండి. మీరు విభేదిస్తున్నది అసలు పార్టీ చెప్పని మాటతో అని తేలితే, ఇక విభేదించాల్సిన పనే ఉండదు, వివరణ ఇస్తే చాలు.

3. గెలిచిన తర్వాత చట్టం మీకు ఎంత చోటు ఇస్తుందో తెలుసుకోండి

పార్టీ ఫిరాయింపుల నిరోధక చట్టంగా పిలిచే పదో షెడ్యూలును 1985లో 52వ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేర్చారు. ప్రచారంలో మీరు ఇవ్వబోయే ప్రతి హామీకీ హద్దు గీసేది అదే కాబట్టి, దాన్ని న్యాయవాదికి వదిలేయకుండా మీరే చదవాలి. అందులో మీకు సంబంధించిన నిబంధనలు ముఖ్యంగా రెండు. పార్టీ సభ్యత్వాన్ని స్వచ్ఛందంగా వదులుకుంటే సభలో మీ సభ్యత్వం పోతుంది. పార్టీ ఆదేశానికి, అంటే మనం విప్ అని పిలిచేదానికి, విరుద్ధంగా ఓటు వేసినా ఓటింగ్‌కు దూరంగా ఉన్నా పోతుంది.

మొదటి నిబంధనను చాలామంది రాజీనామా లేఖకే పరిమితం అనుకుంటారు. రాజీనామా చేయకపోయినా ప్రవర్తనను బట్టి పార్టీ సభ్యత్వాన్ని వదులుకున్నట్టు నిర్ధారించవచ్చని 1994లో రవి నాయక్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఒక విధానంతో విభేదించడం వేరు, ప్రత్యర్థి పార్టీ వేదికెక్కి ఆ పార్టీకి ఓటు వేయమని అడగడం వేరు. మొదటిది చేస్తున్నప్పుడు రెండోదానిలా కనిపించే పని ఏదీ చేయకండి.

రెండో నిబంధనలో మాత్రం ఎవరూ పెద్దగా వాడుకోని ఒక వెసులుబాటు ఉంది. విప్‌కు విరుద్ధంగా ఓటు వేయడానికి పార్టీ నుంచి ముందస్తు అనుమతి తీసుకుంటే అనర్హత వర్తించదు. అనుమతి తీసుకోకపోయినా, ఓటింగ్ జరిగిన 15 రోజుల్లోగా పార్టీ ఆ చర్యను మన్నిస్తే అప్పుడూ వర్తించదు. అంటే పార్టీ తలచుకుంటే తన సభ్యుడికి మనస్సాక్షి ప్రకారం ఓటు వేసే స్వేచ్ఛ ఇవ్వడానికి చట్టంలో అడ్డేమీ లేదు. మన పార్టీలకు లేనిది ఆ అలవాటే.

1992లో కిహోటో హోలోహాన్ కేసులో ఈ చట్టాన్ని సమర్థించిన సుప్రీంకోర్టు కూడా, ప్రభుత్వం నిలబడటం, పడిపోవడం తేలే ఓటింగ్‌కూ, పార్టీ ప్రజల ముందుకు తీసుకువెళ్లిన ముఖ్య విధానాలకూ మాత్రమే ఇలాంటి ఆదేశం పరిమితం కావడం మేలని అభిప్రాయపడింది. 1990లో ఎన్నికల సంస్కరణలపై దినేశ్ గోస్వామి కమిటీ, 1999లో లా కమిషన్ 170వ నివేదిక దాదాపు ఇదే దిశలో సిఫార్సు చేశాయి. అవి చట్టం కాలేదు. అయినా పార్టీ పెద్దలతో మాట్లాడేటప్పుడు, మీరు కొత్త కోరిక ఏదీ కోరడం లేదని చూపించడానికి ఇవి మంచి ఆధారాలు.

పార్టీ బహిష్కరిస్తే విప్ బాధ తప్పుతుందని అనుకోవడం ప్రమాదకరం. బహిష్కృతుడు కూడా తనను నిలబెట్టిన పార్టీ సభ్యుడిగానే లెక్కకు వస్తాడని 1996లో విశ్వనాథన్ కేసు తీర్పు చెప్పింది. తర్వాత ఆ ప్రశ్న విస్తృత ధర్మాసనం దాకా వెళ్లినా తేలకుండానే ముగిసింది. అనర్హతను తేల్చే స్పీకర్ దగ్గర ఫిర్యాదులు ఏళ్ల తరబడి నానుతాయన్న ధీమా కూడా తగదు. 2025 జులై 31న పార్టీ ఫిరాయించారన్న ఫిర్యాదు ఎదుర్కొన్న తెలంగాణకు చెందిన పదిమంది ఎమ్మెల్యేల కేసులో, మూడు నెలల్లోగా నిర్ణయం తీసుకోవాలని సుప్రీంకోర్టు స్పీకర్‌కు చెప్పింది.

4. బీ-ఫారం చేతికి రాకముందే పార్టీకి రాతపూర్వకంగా చెప్పండి

బీ-ఫారం నామినేషన్ల చివరి రోజు మధ్యాహ్నం 3 గంటల లోపు రిటర్నింగ్ అధికారికి చేరాలి. ఆ గడియ దాటాక పార్టీ తన అభ్యర్థిని మార్చుకోలేదు, గుర్తును వెనక్కి తీసుకోలేదు. సరిగ్గా ఇందుకే మీ విభేదాన్ని ఆ గడియకు ముందే బయటపెట్టాలి. గుర్తు ఖాయమయ్యాక గళం విప్పితే పార్టీని మోసగించినట్టవుతుంది, ఓటరు కూడా మీ ధైర్యాన్ని శంకిస్తాడు.

ఆశావహులు ఎంతోమంది ఉన్నచోట ఈ లేఖ రాస్తే టికెట్ పోతుందేమోనన్న భయం సహజమే. నిజంగానే పోవచ్చు. కానీ లేఖ పొందికగా, చిన్నదిగా, ఒకే అంశానికి కట్టుబడి ఉంటే దాన్ని తిరుగుబాటుగా చూడటం కష్టం. ఈ తరహాలో రాయండి: ‘ఫలానా తీర్మానంతో నేను ఈ కారణాల వల్ల ఏకీభవించడం లేదు. మిగిలిన మేనిఫెస్టో మొత్తానికి కట్టుబడి ఉంటాను. విశ్వాస తీర్మానాల్లో, బడ్జెట్ ఓటింగ్‌లో పార్టీ ఆదేశాన్ని పాటిస్తాను. ఈ ఒక్క అంశంపై నా నియోజకవర్గంలో నా అభిప్రాయాన్ని మర్యాదగా చెప్పుకోవడానికీ, ఇది సభలో ఓటింగ్‌కు వస్తే దూరంగా ఉండటానికీ ముందస్తు అనుమతి కోరుతున్నాను.’ జిల్లా అధ్యక్షుడికి, రాష్ట్ర అధ్యక్షుడికి, మీ నియోజకవర్గ పరిశీలకుడికి ఒకే ప్రతి పంపి, అందినట్టు సంతకం తీసుకోండి.

విశ్వాస తీర్మానం, బడ్జెట్ గురించి పార్టీ అడగకుండానే ముందే మాట ఇవ్వమనడానికి కారణం ఉంది. గుర్తును చూసి ఓటు వేసినవారు ఒక ప్రభుత్వాన్ని కోరుకుని వేస్తారు. ఆ ప్రభుత్వాన్ని పడగొట్టే స్వేచ్ఛ అభ్యర్థికి ఉండకూడదని నేను గట్టిగా నమ్ముతాను. మేనిఫెస్టోకు మూలస్తంభం లాంటి వాగ్దానంతోనే మీకు పేచీ ఉంటే, అది మినహాయింపు అడగాల్సిన విషయం కాదు. ఆ పార్టీ టికెట్టే తీసుకోకూడదు. అంతకు తక్కువైన ప్రతి విషయంలోనూ, ముఖ్యంగా ఒక ప్రాంతానికి ప్రత్యేకంగా నష్టం కలిగించే నిర్ణయాల్లో, పార్టీ తన అభ్యర్థికి చోటు ఇవ్వాలి.

పార్టీ నుంచి జవాబు రాకపోతే దాన్ని అంగీకారంగా తీసుకోకండి. ఒకసారి గుర్తు చేయండి, కుదిరితే స్వయంగా వెళ్లి కలవండి. నోటిమాటగా ‘మీ ఇష్టం, చూసుకోండి’ అన్నా, ఆ సంభాషణ సారాంశాన్ని అదే రోజు మెసేజ్‌గా పంపి ఉంచుకోండి.

5. ఓటర్లకు చెప్పే మాటను ఐదు వాక్యాల్లో కుదించుకోండి

మా పార్టీ నిర్ణయం ఇది. నేను దీనితో ఏకీభవించడం లేదు, కారణం ఇది. ఈ సంగతి పార్టీకి రాసి ఇచ్చాను. గెలిస్తే నేను చేయగలిగింది ఇది. నేను చేయలేనిది ఇది.

ఈ ఐదింటిలో ఐదోదే అన్నిటికంటే విలువైనది, చెప్పడానికి అందరూ జంకేది కూడా అదే. గాజువాకలో ఉక్కు కార్మికుల కాలనీలో నిలబడి ‘ప్రైవేటీకరణ ఆపే అధికారం ఎంపీకి ఒక్కడికే లేదు, కానీ మీ సంఘాల వాదనను సంబంధిత మంత్రి ముందు పెడతాను, సభలో ప్రశ్న వేస్తాను, పార్టీ సమావేశంలో నా అసమ్మతిని నమోదు చేయిస్తాను’ అని చెప్పే అభ్యర్థికి, ‘నా ప్రాణం పోయినా అమ్మనివ్వను’ అనేవారికి పడినన్ని చప్పట్లు పడకపోవచ్చు. ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అంటూ 1966లో ఉద్యమించి, ప్రాణాలు కూడా ఇచ్చిన ప్రాంతం అది. పెద్ద మాటలు అక్కడి ప్రజలకు కొత్త కాదు. తర్వాత లెక్క చెప్పగలిగిన మాటలు ఇవ్వండి.

‘అయితే ఆ పార్టీలో ఎందుకున్నావు?’ అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. దీనికి జవాబు ముందే సిద్ధం చేసుకోవాలి, అది నిజమైన జవాబై ఉండాలి. సాగునీరు, ఉపాధి, విద్య వంటి విషయాల్లో ఆ పార్టీ కార్యక్రమం మీద మీకున్న నమ్మకాన్ని రెండు స్పష్టమైన కారణాలతో చెప్పలేకపోతే, మీ అసమ్మతి కూడా ఓట్ల కోసమేనని ఓటరు అనుకోవడంలో తప్పు లేదు.

2014లో సీమాంధ్ర కాంగ్రెస్ అభ్యర్థులు చిక్కుకున్నది ఈ ప్రశ్న దగ్గరే. 2013 జులై 30న కాంగ్రెస్ వర్కింగ్ కమిటీ తెలంగాణ ఏర్పాటుకు తీర్మానం చేసింది. ఆ ప్రాంత ఎంపీలు కొందరు డిసెంబరులో సొంత ప్రభుత్వంపైనే అవిశ్వాస నోటీసు ఇచ్చారు. 2014 ఫిబ్రవరి 11న ఆరుగురు ఎంపీలను పార్టీ బహిష్కరించింది. లోక్‌సభ బిల్లును ఆమోదించిన మర్నాడు ముఖ్యమంత్రి కిరణ్ కుమార్ రెడ్డి రాజీనామా చేశారు. ఇంత జరిగాక మే 7న చేతి గుర్తు మీద నిలబడి, వ్యక్తిగతంగా మేమూ విభజనకు వ్యతిరేకమేనని చెప్పుకున్నవారి మాట జనం చెవికెక్కలేదు. 175 శాసనసభ స్థానాల్లో, 25 లోక్‌సభ స్థానాల్లో ఆ పార్టీకి ఒక్కటీ రాలేదు. ఓటమికి కారణాలు ఇంకా ఉన్నాయి, నిజమే. అయినా పార్టీ నిర్ణయం అంత పెద్దదైనప్పుడు అభ్యర్థి సొంత అసమ్మతి రక్షణ కవచం కాలేదన్నది మాత్రం కాదనలేం.

ఫలితాలన్నీ ఒకే పాఠం చెప్పవు. రాష్ట్ర విభజనను బహిరంగంగా వ్యతిరేకించిన సీపీఎం, ఆ మాటను తెలంగాణలోనూ దాచలేదు. 2014లో భద్రాచలం నుంచి ఆ పార్టీ అభ్యర్థి సున్నం రాజయ్య గెలిచారు. రెండు ప్రాంతాలూ రెండు కళ్లన్న తెలుగుదేశం మీద తెలంగాణలో ఎంత విమర్శ వచ్చినా, అక్కడ 15 శాసనసభ స్థానాలు దక్కాయి. అందుచేత ఇక్కడ చెబుతున్న పద్ధతి గెలుపు మంత్రం కాదు. గెలిచినా ఓడినా మర్నాడు అదే వీధిలో నడవగలగడానికి పనికొచ్చేది.

6. ఆ మాటను ప్రచారం పొడవునా మార్చకుండా ఉంచండి

రెండు రాష్ట్రాల్లోనూ ఒక్కో లోక్‌సభ స్థానంలో ఏడు శాసనసభ సెగ్మెంట్లు ఉంటాయి. పార్టీ వైఖరి వాటిలో రెండింట నచ్చకపోవచ్చు, మూడింట నచ్చవచ్చు, మిగిలినచోట్ల ఎవరికీ పట్టకపోవచ్చు. సెగ్మెంటుకో గొంతు వినిపించాలన్న ఒత్తిడి మీ అనుచరుల నుంచే వస్తుంది. దానికి లొంగకండి. పట్టని ఊళ్లో ఆ ప్రస్తావన తేకపోవడం తప్పు కాదు, కానీ అడిగితే అవే ఐదు వాక్యాలు చెప్పాలి. బూత్ కార్యకర్తలకు, ఇంటింటి ప్రచారానికి వెళ్లేవారికి ఆ వాక్యాలు అచ్చువేసి ఇవ్వండి, లేకపోతే ఒక్కొక్కరు ఒక్కోలా అల్లి చెబుతారు.

స్థానిక హామీల కరపత్రం వేస్తే, ప్రజాప్రాతినిధ్య చట్టం 127-ఎ సెక్షన్ ప్రకారం ముద్రాపకుడి పేరు, ప్రచురణకర్త పేరు, చిరునామాలు దాని మీద ఉండి తీరాలి. ఆ ఖర్చు మీ లెక్కలోకే వస్తుంది. పరిమితి మన రాష్ట్రాల్లో శాసనసభకు రూ. 40 లక్షలు, లోక్‌సభకు రూ. 95 లక్షలు.

అగ్రనేత మీ ఊరికి వచ్చే రోజు పరీక్ష లాంటిది. ముందు రోజే ఆయన కార్యాలయానికి మీ ఐదు వాక్యాలు పంపండి. వేదిక మీద ఆయన్ను ఇరుకున పెట్టే మాట అనకండి, అదే సమయంలో ఆయన ఎదుట మీ మాట మింగేయకండి. విలేకరి అడిగితే ‘ఈ విషయంలో నా అభిప్రాయం పార్టీకి తెలుసు, అది మారలేదు’ అంటే చాలు.

మిత్రపక్షం వైఖరి అయితే పని కొంత తేలిక, ఎందుకంటే అక్కడ పార్టీయే మీకు అండగా నిలవవచ్చు. 2024లో ముస్లింల 4 శాతం రిజర్వేషన్లను రద్దు చేస్తామని బీజేపీ అగ్రనేతలు తెలంగాణ ప్రచారంలో చెబుతున్నప్పుడు, ఆంధ్రప్రదేశ్‌లో అదే కూటమిలో ఉన్న తెలుగుదేశం అధినేత చంద్రబాబు నాయుడు వాటిని కొనసాగిస్తామని బహిరంగంగా చెప్పారు. పార్టీ స్థాయిలో ఇలాంటి ప్రకటన ఉన్నచోట అభ్యర్థి సొంతంగా కొత్త మాటలు చేర్చకుండా దాన్నే చదివి వినిపించాలి. లేనిచోట, అలాంటి ప్రకటన ఇమ్మని నామినేషన్లకు ముందే పార్టీని అడగాలి.

7. గెలిచాక మాట నిలబెట్టుకునే క్రమం

ఆ అంశం సభ ముందుకు వస్తోందని తెలిసిన వెంటనే, విప్ జారీ అయ్యేదాకా ఆగకుండా, మీ పాత లేఖను జతచేసి ముందస్తు అనుమతి మళ్లీ అడగండి. శాసనసభాపక్ష సమావేశంలో మాట్లాడి, మీ అభ్యంతరం నమోదయ్యేలా చూడండి. అనుమతి వస్తే చెప్పినంతవరకే చేయండి. దూరంగా ఉండటానికి అనుమతి తీసుకుని వ్యతిరేకంగా ఓటు వేయడం మాట తప్పడమే.

అనుమతి రాకపోతే దారులు మూడు. విప్‌ను పాటించి, ఎందుకు పాటించాల్సి వచ్చిందో నియోజకవర్గానికి వచ్చి వివరించడం ఒకటి. దీన్ని పిరికితనంగా చూడక్కర్లేదు, మీరు చేయలేనిదేమిటో ప్రచారంలోనే చెప్పి ఉంటే అసలే అక్కర్లేదు. పదవి ఉంటే దాన్ని వదులుకుని పార్టీలోనే కొనసాగడం రెండోది. తెలంగాణ కోసం కొండా లక్ష్మణ్ బాపూజీ 1969లో, కోమటిరెడ్డి వెంకట్ రెడ్డి 2011లో మంత్రి పదవులకు రాజీనామా చేశారు. నా దృష్టిలో మూడింటిలో గౌరవమైన దారి ఇదే, ఎందుకంటే నష్టం మీకు తగులుతుంది, మీకు ఓటు వేసినవారి ప్రాతినిధ్యం పోదు.

మూడోది సభ్యత్వానికే రాజీనామా. ఇది వినడానికి ఘనంగా ఉంటుంది కానీ మీ చేతిలో పూర్తిగా ఉండదు. రాజ్యాంగంలోని 190వ అధికరణం ప్రకారం ఎమ్మెల్యే రాజీనామా స్పీకర్ ఆమోదించాకే అమల్లోకి వస్తుంది. ఉక్కు కర్మాగారం ప్రైవేటీకరణకు నిరసనగా విశాఖ ఉత్తర ఎమ్మెల్యే గంటా శ్రీనివాసరావు 2021 ఫిబ్రవరిలో ఇచ్చిన రాజీనామాను 2024 జనవరిలో, ఎన్నికల ముంగిట, ఆమోదించారు. ఇలా మధ్యలో నిలిచిపోతే మీరు సభలో ఉన్నారో లేరో జనానికి అర్థం కాదు. అందుకే ప్రచారంలో ‘రాజీనామా చేస్తాను’ అన్న హామీని ఇవ్వకపోవడమే మంచిది. ఇచ్చి తీరాలనుకుంటే, ఆమోదం వచ్చేదాకా నియోజకవర్గం పనులు ఎవరు చూస్తారు, ఉప ఎన్నిక వస్తే మళ్లీ నిలబడతారా లేదా అన్న రెండు ప్రశ్నలకు కూడా అదే ప్రచార సభలో జవాబు చెప్పండి.